గాలి గుమాస్తా పర్వతారోహణం

ఆ సోమవారం ఉదయం గాలి గుమాస్తా వేసుకున్న ప్రణాళిక బహు స్వల్పమైనది. మేడ మీదికి వెళ్ళి కాఫీ తాగుతూ దండేన్ని పరిశీలించటం, పరిశీలించినదాన్ని అంకెగా మార్చి చీటీ మీద రాసుకోవటం, కార్యాలయానికి వెళ్ళి ఆ అంకెను రికార్డులోకి ఎక్కించటం, ఆ పైన మధ్యాహ్న భోజనం దాకా నిష్కామంగా కూర్చోవటం. ఆరేళ్ళుగా ఆయన దినచర్య ఇదే. మరో మూడు నెలలు ఇలాగే గడిచిపోతే పదవీ విరమణ చేసి, ఏ అంకెలూ రాయనక్కరలేకుండా కాఫీని కాఫీగా తాగవచ్చు.

ఆయన ఉద్యోగం వాతావరణ కేంద్రంలో. ఊరి వెనక నిలువునా లేచిన కొండ, దానికి చెట్టూ చేమా లేని బోడి శిఖరం, శిఖరం మీద ఒక ఇనుప స్తంభం, స్తంభం కొసన గాలికి గిరగిర తిరిగే మూడు గిన్నెల యంత్రం. తెల్లవారగానే రెండు గంటలు కొండెక్కి, ఆ యంత్రం చూపే గాలివేగాన్ని రాసుకొని దిగి రావటం ఆయన విధి. అందువల్లనే ఊరంతా ఆయన్ని గాలి గుమాస్తా అన్నది. మొదటి పదేళ్ళూ ఆయన విధిని విధిగానే నిర్వర్తించాడు. ఆరేళ్ళ కిందట ఒక వానరోజున మోకాళ్ళు రెండూ ఏకగ్రీవంగా తీర్మానించి మొరాయించాయి. ఆయన మేడ మీదినుంచే దండెం మీది బట్టల కదలిక చూసి, ఇరవై ఎనిమిది అని రాసేశాడు. ఆకాశం విరిగి మీద పడలేదు. మరునాడూ పడలేదు. మూడోనాటికి ఆయన ఆకాశం వంక చూడటమే మానేశాడు.

నాటినుంచి ఒక కొత్త శాస్త్రం వెలసింది. చేతిరుమాలు కదిలితే పన్నెండు. తువ్వాలు ఊగితే ఇరవై ఐదు. దుప్పటి తెరచాపలా ఉబ్బితే నలభై. అదే దుప్పటి క్లిప్పులతో సహా లేచి పక్కింటి సంగీతం టీచరు మేడ మీద వాలితే యాభై పైమాట. ఇవన్నీ గంటకు కిలోమీటర్లు. చివర ఒక దశాంశం తగిలించేవాడు. దశాంశం తగిలిన అంకెను శంకించే ధైర్యం మానవమాత్రులకు ఉండదని చిన్ననాటి లెక్కల తరగతిలోనే ఆయన గ్రహించాడు. ఈ విధంగా వాయుదేవుడి దినచర్యను వాయుదేవుణ్ణి సంప్రదించకుండానే ఆరేళ్ళు లిఖించాడు. ఆయన పైన వచ్చిన నలుగురు అధికారులూ శిఖరాన్ని కిటికీలోంచే పర్యవేక్షించి, సంతకాలు పెట్టి, బదిలీ అయిపోయారు.

ఐదో అధికారిణి వచ్చి నెలయింది. ఆమె కుర్చీలో కూర్చోబోయే ముందు దాని నాలుగు కాళ్ళూ కదిపి చూసుకొనే మనిషి. చేతిసంచిలో ఒక విజిల్, కట్టు కట్టే గుడ్డ, రెండు టార్చిలైట్లు ఎప్పుడూ ఉంటాయి. రెండో టార్చి దేనికని అడిగితే మొదటిది వెతకడానికని చెప్పింది. ఆ సోమవారం గుమాస్తా లోపలికి అడుగుపెట్టేసరికి ఆమె ఆయన రికార్డు పుస్తకాలన్నీ బల్ల మీద పరచుకొని ఉన్నది.

"గుమాస్తాగారూ, మీ ఆరేళ్ళ అంకెలూ వరసగా చదివాను. ఇంత చక్కటి దస్తూరీ నేనెక్కడా చూళ్ళేదు."

"అంతా మీ అభిమానం మేడమ్."

"ఒక్క సంగతే అర్థం కాలేదు. ఆదివారాలు మాత్రం గాలి తక్కిన రోజులకన్నా గట్టిగా వీస్తోంది. ఎందుకంటారు?"

ఆదివారం ఆయన ఇంట్లో దుప్పట్లు ఉతికే రోజు. పెద్ద గుడ్డకు గాలి ఎక్కువ పట్టుతుందన్న చిన్న విషయం ఇన్నేళ్ళలో ఆయనకు తట్టలేదు.

"సెలవు రోజు కదండీ," అన్నాడు గుమాస్తా. "దానికీ ఊరు తిరగాలనిపిస్తుందేమో."

అధికారిణి నవ్వలేదు. ఆ మాటను తన నోటుపుస్తకంలో రాసుకొని, గోడకు అతికించిన ఒక కాగితాన్ని చూపింది. దాని మీద 'క్షేమ శిఖరారోహణ ప్రణాళిక' అని ఉన్నది. కింద పద్నాలుగు నియమాలు.

"గురువారం మనం శిఖరానికి వెళ్తున్నాం. కేంద్రానికి వచ్చి నెలయింది, యంత్రాన్ని నేనింకా కళ్ళతో చూడలేదు. అది బోడి కొండ, ఎక్కడా చాటు లేదు, గాలి తోసేస్తే పట్టుకోవడానికి గడ్డిపరక కూడా ఉండదు. అందుకే అన్నీ రాసిపెట్టాను. ఒకటో నియమం, అందరూ ఒకే తాడు కట్టుకోవాలి. ఆరోది, గాలి యాభై దాటితే ప్రయాణం లేదు. తొమ్మిదోది, పదకొండున్నరకల్లా శిఖరం చేరకపోతే ఎక్కడున్నవాళ్ళం అక్కణ్ణించే వెనక్కి. రెండోది మీ గురించే. దారి బాగా తెలిసినవారు ముందు నడవాలి. రోజూ వెళ్ళేది మీరే కదా."

ఉద్యోగం పోతుందన్నది గుమాస్తాకు చిన్న భయమే. గాలి గుమాస్తా అన్న పేరు పోయి దండెం గుమాస్తా అన్న పేరు స్థిరపడుతుందన్నది పెద్ద భయం. ఊళ్ళో పేరు ఒకసారి అతుక్కుంటే మనుమల కాలానికి కూడా ఊడదు. పదహారేళ్ళ కొలువు ఆ ఒక్క మాట కింద సమాధి అయిపోతుంది.

అయితే ఆరో నియమం ఆయనకు ఆశాజ్యోతిలా కనిపించింది. గాలి యాభై దాటితే ప్రయాణం లేదు. గాలి ఎంతో చెప్పవలసినవాడు తానే.

బుధవారం ఉదయం దండెం మీద చేతిరుమాళ్ళు కూడా మౌనవ్రతంలో ఉన్నాయి. గుమాస్తా అరవై రెండు పాయింట్ నాలుగు అని రాశాడు. అధికారిణి ఆ అంకె చూసి, గోడ మీది కాగితంలో గురువారాన్ని కొట్టేసి శనివారం అని వేసింది. గుమాస్తా ఊపిరి పీల్చుకొన్నాడు. తన అంకె తన కార్యాలయంతో ఆగదన్న సంగతి ఆయనకు ఆ రోజు సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తుండగా గుర్తుకు వచ్చింది. గాలి అరవై దాటితే ఏటి వంతెన మీద బస్సులు ఆపాలని ఎప్పటిదో ఒక ఉత్తర్వు ఉన్నది. వంతెనకు ఇవతల నాలుగు బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. ప్రయాణికులు కిందికి దిగి, ఆకైనా కదలని చెట్లను చూస్తూ నిలబడ్డారు.

"ఇక్కడేం లేదు కదండీ గాలి," అన్నాడొక ప్రయాణికుడు.

"ఇక్కడుండదయ్యా," అన్నాడు డ్రైవరు, అంతా తెలిసినవాడిలా. "అదంతా పైన ఉంటుంది. గాలి గుమాస్తాగారు రోజూ వెళ్ళి చూసొస్తారు. ఆయన కళ్ళకి కనబడుతుంది."

గుమాస్తా తలవంచుకొని సందులోంచి ఇంటికి పోయాడు.

గురువారం పొద్దున్నే ఆయన భార్య తమ్ముడు ఊడిపడ్డాడు. బజారులో అతడికి తాళ్ళు, టార్పాలిన్లు అమ్మే దుకాణం ఉన్నది. ఏడాదికి రెండుసార్లు కూడా నవ్వని ఆ మనిషి గడపలోనే బావగారి చేతులు పట్టుకొన్నాడు.

"బావా, నువ్వు దేవుడివి. నిన్న సాయంత్రంనుంచి జనం తాళ్ళకి ఎగబడుతున్నారు. బోర్డులు కడుతున్నారు, రేకులు కడుతున్నారు, ఒకాయన స్కూటర్ని గుమ్మానికి కట్టేశాడు. ఇంకా పెరుగుతుందంటావా?"

"తగ్గుతుందిరా."

"ఒక్కరోజులో ఎలా తగ్గుతుంది బావా? ఇంత గాలొచ్చింది, అది దిగాలన్నా రెండు మూడు రోజులు పట్టదూ?"

ఆ మాట గుమాస్తాకు శాస్త్రీయంగానే తోచింది. అరవై రెండు మరునాటికి పదిహేనైతే ఆ దశాంశం కూడా తనను కాపాడలేదు. పైగా శనివారం దాకా గాలిని నిలబెట్టి ఉంచాలి. తుఫాను స్వభావాన్ని అనుసరించి ఆయన ఆ రోజు డెబ్బై ఒకటి పాయింట్ ఎనిమిది అని రాశాడు. డెబ్బై దాటితే బడులకు సెలవు. పదకొండు గంటలకల్లా ఊళ్ళోని పిల్లలందరూ వీధుల్లో ఉన్నారు. గాలి ఉంటే బాగుండేదని కొందరు గాలిపటాలు పట్టుకొని ఎదురుచూస్తున్నారు.

ఇంతలో గుమాస్తా ఇంట్లో మరొక వాయుగుండం ఏర్పడింది. భర్తగారు రోజూ పొద్దున్నే మేడెక్కి అంతసేపు ఎటు చూస్తాడో ఆయన భార్యకు చాలాకాలంగా అనుమానమే. దండేనికి అవతల సంగీతం టీచరు మేడ ఉన్నది. ఈ మూడు రోజులూ ఆయన కాఫీ కూడా చల్లారబెట్టుకొని, నిట్టూరుస్తూ ఆ దిక్కుకే చూడటం ఆమె గమనించింది. శుక్రవారం ఉదయం గుమాస్తా మేడెక్కేసరికి దండెం లేదు. రెండు కొక్కేలు మాత్రం ఉన్నాయి.

"దండెం ఏదే?" అని కిందికి కేకవేశాడు.

"వరండాలో కట్టించాను. ఇకనుంచి బట్టలు అక్కడే ఆరతాయి."

"వరండాలో గాలి ఎక్కడ తగులుతుందే?"

"బట్టలకి తగలకపోతే పోయింది. మీకు తగిలేది ఎక్కువైపోయింది."

పదవీ విరమణకు మూడు నెలల ముందు తన యంత్రసామగ్రి అంతా జప్తు అయిన ఉద్యోగి ఏం చేస్తాడు? గుమాస్తా కిందికి వెళ్ళి, తడి దుప్పటి ఒకటి చంకలో పెట్టుకొని మళ్ళీ పైకి వచ్చాడు. రెండు చేతులతో దాన్ని తలపైకి ఎత్తి, గాలి ఎటునుంచి పడుతుందోనని నాలుగు దిక్కులకూ తిప్పాడు. సంగీతం టీచరు కిటికీలోంచి ఆ దృశ్యం చూసింది. గాలి శాస్త్రంలో ఆరితేరిన మనిషి తెల్లవారి మేడ మీద నిలబడి తెల్లదుప్పటి ఊపుతున్నాడంటే అది ప్రమాద సంకేతం కాక మరేమిటని ఆమె వెంటనే కిటికీ తలుపులు మూసి, వీధిలో అందరికీ ఫోన్లు చేసింది. ఆమె కిటికీ మూసేముందు చెయ్యెత్తి, అర్థమైందన్నట్టుగా తలూపింది. సరిగ్గా ఆ తలూపటాన్నే గుమాస్తా భార్య మెట్ల మీదినుంచి చూసింది.

ఆవిడ ఆ పూటకు ఆయన భోజనం డబ్బాలో కట్టి, డబ్బాను తాడుతో మూడు చుట్లు చుట్టి, విప్పటానికి వీల్లేనంత గట్టిగా ముడివేసి చేతికిచ్చింది.

కార్యాలయం చేరేసరికి అధికారిణి ముఖం వెలిగిపోతున్నది.

"గుమాస్తాగారూ, పెద్ద కార్యాలయంనుంచి ఫోను. మీ డెబ్బై ఒకటి చూసి యంత్రాల తనిఖీ అధికారి తనే వస్తున్నారు. ఏటా మన యంత్రం బాగుందని సంతకం పెట్టేది ఆయనే. గొంతు వణికిపోతోంది పాపం, అంత ఉత్సాహం. రేపు మనతో పాటు ఎక్కుతారు."

"గాలి యాభై దాటితే ప్రయాణం లేదన్నారు కదా మేడమ్."

"అది విహారానికండీ. ఇంత గాలంటే ఇక అది విహారం కాదు, పరిశోధన. ప్రణాళిక మార్చాను. తాడు రెండింతలు లావుది తీసుకుందాం."

గుమాస్తా వెంటనే కలం తీసి ఆ రోజు గాలి పన్నెండు పాయింట్ నాలుగు అని రాసి, పుస్తకాన్ని ఆమె ముందుకు తోశాడు.

"చూడండి మేడమ్, పూర్తిగా పడిపోయింది. ఇక పరిశోధించడానికేం లేదు."

అధికారిణి ఆ అంకెను చాలాసేపు చూసింది. "ఇంకేం, మరీ మంచిది," అన్నది. "ఇంత నెమ్మదిగా ఉంటే అందరం హాయిగా వెళ్ళి రావచ్చు."

గాలి వీచినా వెళ్ళాలి, వీయకపోయినా వెళ్ళాలి. గాలికి ఇన్ని వేగాలు సృష్టించిన గుమాస్తాకు తనను ఇంటి దగ్గర ఉంచగల వేగం ఒక్కటీ దొరకలేదు.

శనివారం తొమ్మిదింటికి నలుగురు కొండ కింద నిలబడ్డారు. అధికారిణి. యాభై ఐదేళ్ళ తనిఖీ అధికారి. బూడిదరంగు ముఖం, ఆ ముఖానికి సరిపోయే సూటు. తాడు తెచ్చిన బావమరిది. వీపు మీద చుట్ట చుట్టిన పెద్ద టార్పాలిను. అంత ఎత్తులో ఎవరైనా కనిపిస్తే అమ్మవచ్చని అతడి ఆలోచన. అందరికన్నా ముందు, తాడు మొదటి కొసకు కట్టబడి గాలి గుమాస్తా.

ఆరేళ్ళలో దారి తన రూపు పూర్తిగా మార్చుకొన్నది. గుమాస్తా రోజూ తిరిగేవాడి ధీమాతో అడుగులు వేశాడు. మొదటి చీలిక దగ్గర కుడికా ఎడమకా తోచలేదు. వెనక్కి తిరిగి, గురువు శిష్యుల్ని అడిగినట్టుగా అడిగాడు.

"మేడమ్, మీరొక్కరే వచ్చారనుకోండి. ఇక్కడ ఎటు వెళ్తారు?"

"కుడికనుకుంటాను. అటు రాళ్ళు అరిగి ఉన్నాయి."

"భేష్," అని గుమాస్తా కుడికి తిరిగాడు. రెండో చీలిక దగ్గర బావమరిదిని అడిగాడు. మూడోదాని దగ్గర ఒక మేకను అనుసరించాడు.

ఆ నడకలోనే ఆయనకు తొమ్మిదో నియమం గుర్తుకు వచ్చింది. పదకొండున్నరకల్లా శిఖరం చేరకపోతే వెనక్కి. అంటే చేయవలసిందల్లా ఆలస్యమే. ప్రభుత్వోద్యోగంలో పదహారేళ్ళ అనుభవం ఉన్నవాడికి అది కష్టమైన పనేమీ కాదు. ఆయన పద్నాలుగు నియమాలనూ శాస్త్రోక్తంగా పాటించసాగాడు. నాలుగో నియమం ప్రకారం అందరిచేతా నీళ్ళు తాగించాడు. ఏడో నియమం ప్రకారం బూట్ల లేసులు పరీక్షించాడు. పదకొండో నియమం ప్రకారం ముళ్ళు విప్పించి మళ్ళీ కట్టించాడు. చిత్రమేమంటే తనిఖీ అధికారి ఆయనకు పూర్తిగా సహకరించాడు. గుమాస్తా నీళ్ళన్నప్పుడల్లా ఆయన రెండు గ్లాసులు తాగాడు. లేసులన్నప్పుడల్లా రెండు బూట్లూ విప్పాడు. ఒకచోట ఏ కారణమూ లేకుండా కూర్చొని, ప్రకృతి చాలా బాగుందన్నాడు. ఎదురుగా ఉన్నది ఒక బండ.

"అయ్యగారికి ఆయాసమేమో, ఇంకాసేపు కూర్చుందాం మేడమ్," అన్నాడు గుమాస్తా.

"కూర్చుందాం, కూర్చుందాం," అన్నాడు తనిఖీ అధికారి, కృతజ్ఞతగా.

పదకొండుంబావుకు వారు శిఖరం కింది గట్టు చేరారు. ఇంకా మూడువందల అడుగుల బోడి వాలు మిగిలి ఉన్నది. ఈ నడకన అయితే అరగంట. గుమాస్తా మనసులో ఇష్టదైవానికి నమస్కరించి, చివరిసారిగా ముళ్ళు పరీక్షిద్దామని వంగాడు.

అప్పుడు గాలి వచ్చింది. ఆరేళ్ళపాటు తన గురించి ఎవరెవరో ఏమేమో రాస్తుంటే సహించిన గాలి, ఆనాడు స్వయంగా దర్శనమిచ్చింది. లోయలోంచి వీపు మీదికి ఒక్క ఊపున లేచింది. అధికారిణి వెంటనే "కూర్చోండి, అందరూ నేలకి ఆనుకోండి" అని విజిల్ ఊదింది. ముగ్గురు కూర్చున్నారు. బావమరిది కూర్చోబోయాడు కానీ వీపు మీది టార్పాలిను కట్టు తెగి, అది ఓడ తెరచాపలా విప్పుకొన్నది. తాడు చిట్టచివర ఉన్న బావమరిది క్షణంలో అందరినీ దాటుకొని ముందుకు పోయాడు. తాడు బిగిసింది. తనిఖీ అధికారి లేచాడు. లేచినవాడు అధికారిణిని లేపాడు. అధికారిణి గుమాస్తాను లేపింది.

"బావా, ఇది నా సరుకు కాదు. కట్టు వేరేవాడి దగ్గర కొన్నాను," అంటున్నాడు బావమరిది, కాళ్ళు పరుగెడుతుండగా.

"టార్పాలిను వదిలెయ్యరా."

"కొత్తది బావా."

పదకొండూ ఇరవై ఆరుకు నలుగురూ శిఖరం మీద ఉన్నారు. మోకాళ్ళు ఫిర్యాదు చేసే అవకాశం కూడా రాలేదు. అక్కడ అధికారిణి అందరి తాళ్ళూ పరీక్షించి, ఒక్కరికీ గీత పడలేదని చూసుకొని, పది అడుగుల అవతల బండ చాటున టార్పాలిను మడతపెట్టటంలో బావమరిదికి సాయం చేయటానికి వెళ్ళింది.

గుమాస్తా ఒప్పుకొనే మాటలు మనసులో కూర్చుకొంటూ స్తంభం వంక తలెత్తాడు. స్తంభం ఉన్నది. గిన్నెలు లేవు. అంకెలు చూపే డబ్బా లేదు. తుప్పు పట్టిన నాలుగు మేకులు మాత్రం ఉన్నాయి. ఆరేళ్ళుగా తాను ఏ యంత్రం పేరిట అబద్ధాలు రాశాడో ఆ యంత్రమే లేదు.

నోరు తెరిచేలోగా తనిఖీ అధికారి ఆయన రెండు చేతులూ పట్టుకొన్నాడు.

"గుమాస్తాగారూ, మీరు గొప్పవారు. ఆరేళ్ళు నా గుట్టు కాపాడారు. ఇప్పుడు నేనేం తప్పు చేశానని ఈ డెబ్బై ఒకటి పంపారు?"

"నేనా?" అన్నాడు గుమాస్తా.

"ఇంకా ఎందుకండీ దాపరికం. ఆరేళ్ళ కిందట బాగుచేయిస్తానని యంత్రం ఊడదీసి పట్టుకెళ్ళింది నేను. మళ్ళీ బిగించానని కాగితం రాశాను, మళ్ళీ ఎక్కే ఓపిక లేక ఎక్కలేదు. అది మా ఇంటి అటక మీద ఉంది. దాని గిన్నెల్లో మా ఆవిడ ఉల్లిపాయలు పోసుకుంటోంది. మీరు రోజూ ఇక్కడికొచ్చి, బోడి స్తంభాన్ని చూసి కూడా నా పరువు కోసం ఓపిగ్గా ఒక అంకె వేసి పంపేవారు. మొన్న డెబ్బై ఒకటి చూడగానే అర్థమైంది, ఇది గాలి కాదు, నాకు హెచ్చరిక అని. పరుగెత్తుకొచ్చాను."

గాలి హోరుకు వినపడదని ఆయన ఇదంతా గొంతెత్తి చెప్పాడు. గుమాస్తా కూడా గొంతెత్తే, తాను ఆరేళ్ళుగా కొండ ఎక్కలేదని, దండెమే తన యంత్రమని, యంత్రం లేదన్న సంగతి ఈ క్షణందాకా తెలియదని బదులు చెప్పాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఒకడు లేని యంత్రం బాగున్నదని సంతకం పెట్టాడు; ఇంకొకడు చూడని యంత్రంలో అంకెలు చదివాడు. ఒకరి అబద్ధం మరొకరి అబద్ధానికి ఆరేళ్ళు గొడుగు పట్టింది. ఉద్వేగం ఆపుకోలేక కౌగిలించుకొన్నారు.

"మొన్నటి గాలికి ఎగిరిపోయిందందాం," అన్నాడు తనిఖీ అధికారి.

"డెబ్బై ఒకటి పాయింట్ ఎనిమిది," అన్నాడు గుమాస్తా. "తప్పకుండా ఎగిరిపోతుంది."

గాలి వారి వెనకనుంచి తిన్నగా బండ వైపుకు వీస్తున్నది. అది ఎటు వీస్తోందో ఆ క్షణాన గాలి గుమాస్తాకే పట్టలేదు.

అధికారిణి వచ్చింది. ఖాళీ స్తంభాన్ని చూసింది. ఇద్దరూ కలిసి విషాదవార్త చెప్పారు. ఆమె తుప్పు మేకును వేలితో రుద్ది, వేలు చూసుకొన్నది.

"అయితే గురువారం ఎగిరిపోయిందన్నమాట."

"గురువారమేనండీ."

"మరి శుక్రవారం మీరు పన్నెండు పాయింట్ నాలుగు దేన్ని చూసి రాశారు?"

గుమాస్తా మళ్ళీ స్తంభం వంక చూశాడు. "స్తంభం నెమ్మదిగా ఉంటేనూ," అన్నాడు, "దాన్నిబట్టి అంచనా వేశానండీ."

"అనుభవం అంటే అదీ," అన్నది అధికారిణి. ఆ వెంటనే విజిల్ ఊది అందరినీ కిందికి నడిపించింది.

ఆ తర్వాత రెండు వారాలు గుమాస్తా సుఖంగా నిద్రపోయాడు. బావమరిది నోట శిఖరయాత్ర విన్న భార్య, తన భర్త ఆరేళ్ళుగా చూసింది తన చేత్తో ఆరేసిన దుప్పట్లనేనని తెలుసుకొని ఒక పూట మెత్తబడింది, మరో పూట నవ్వి నవ్వి మంచం ఎక్కింది. కొత్త యంత్రం వచ్చింది. తనిఖీ అధికారే దాన్ని భుజాన మోసుకొని వెళ్ళి బిగించాలని ఉత్తర్వు, బిగించాడు. మూడోవారం సోమవారంనాడు అధికారిణి గుమాస్తాను పిలిచి, కూర్చోబెట్టి, ఒక కాగితం చేతికిచ్చింది.

"కొత్త యంత్రం అంకెలు మీ ఆరేళ్ళ రికార్డుతో ఎక్కడా కలవడం లేదు గుమాస్తాగారూ. రికార్డు తప్పనడానికి వీల్లేదు, పాత యంత్రం బాగుందని ఏటా తనిఖీ అధికారిగారి సంతకం ఉంది. కాబట్టి యంత్రాన్నే అనుమానించాలి. పెద్ద కార్యాలయం కూడా ఒప్పుకుంది."

"అయితే మార్పించేస్తారా మేడమ్?"

"ముందు నిర్ధారించుకోవాలిగా. ఏడాది పాటు రోజూ పొద్దున్నే ఒక అనుభవజ్ఞుడు శిఖరం మీద నిలబడి యంత్రాన్ని సరిచూడాలి. పక్కన తనిఖీ అధికారి సాక్షి సంతకం పెట్టాలి. ఆయన్ని మన ఊరికే బదిలీ చేశారు. మీ సేవలు ఇంత అవసరమైనప్పుడు ఇంటికి పంపడం అన్యాయం కదా, అందుకని మీ పదవీ విరమణ కూడా ఒక ఏడాది పొడిగించారు. అభినందనలు."

గుమాస్తా కాగితం చదివాడు. అందులో దండెం మాట ఎక్కడా లేదు. ఆయన పేరు ముందు 'విశేష నిపుణులు' అని కూడా ఉన్నది. పరువు నిలిచింది, పేరు నిలిచింది, కొలువు నిలిచింది. కిటికీలోంచి కొండ వంక చూస్తే అదీ నిలిచే ఉన్నది.

మరునాటి తెల్లవారుజామున ఆయన, తనిఖీ అధికారి కొండ కింద కలుసుకొని, ఒకరి నడుముకు ఒకరు ముడివేసుకొన్నారు. తాడు మాత్రం కార్యాలయమే ఉచితంగా సమకూర్చింది.